తడి చేయు పని

వస్త్రముపై ముడుతను పోగొట్టునది ఇస్త్రీపెట్టె బరువు గాని, దానిని నొక్కిపట్టు భుజబలము గాని కాదనియు, ఆ పనిలో ముప్పాతిక మువ్వీసము తడిదే యనియు, కనెక్టికట్ రాష్ట్రమున కాపురముండి ఇంటిల్లిపాది బట్టలకును స్వయముగా ఇస్త్రీ చేసికొనుచు వచ్చిన ఇన్నేండ్లలో నాకు కలిగిన దృఢవిశ్వాసము. మన యూళ్లలో ఈ సంగతి నాలోచింపవలసిన యవసరమే రాదు. అచట పని తెలిసినవారు చేసి యిత్తురు, మనము మడతలు విప్పి కట్టుకొందుము. ఇచ్చట బట్టలు బయటికిచ్చి ఇస్త్రీ చేయించుట చాల ఖర్చుతో కూడినది గనుక, ప్రతి గృహస్థుడును ఆ విద్యను కొంత నేర్చుకొనక తప్పదు.

మా బాల్యమున మా వీథి మలుపులో, తోపుడు బండిపై పాత కంబళి పఱచి, దానిమీద తెల్లని దుప్పటి బిగించి, బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేయు తాతగారొకరుండెడివారు. నిప్పులతో కణకణలాడు పెట్టెనే మేము పిల్లలము వింతగా చూచెడివారము గాని, ఆయన విద్య అంతయు ప్రక్కనున్న నీళ్లచెంబులో నుండెనని ఇప్పుడు తెలియుచున్నది. పొద్దున రాగానే ఆయన నూలుబట్టలన్నిటిపైని వ్రేళ్లతో నీళ్లు చిలుకరించి, దేనికది చుట్టగా చుట్టి, పైన తడిగుడ్డ కప్పి యుంచెడివారు. బొగ్గు రాజుకొనులోపల ఆ నీరు బొట్లు బొట్లుగా నిలువక పోగు పోగునకును సమముగా ప్రాకెడిది. పిమ్మట చుట్ట విప్పి, ఎడమచేతితో బట్టను తన వైపునకు సాగదీసి పట్టి, పెట్టెను మెల్లగా జరిపిన చాలును, ముడుత లేచిపోయెడిది. ఆయన పెట్టెను అదిమిపట్టగా నేనెన్నడును చూడలేదు.

దీనికి శాస్త్రసమ్మతమైన కారణము కలదు. నూలు సెల్యులోజ్ అను పదార్థము. దాని పొడవైన అణుశృంఖలలను ఒకదానికొకటి హైడ్రోజన్ బంధములు పట్టియుంచును. బట్ట నలిగినప్పుడు ఆ బంధములు వంకరగానే కుదురుకొనును. నీరు లోనికి చొచ్చి వానిని సడలించును, వేడిమి ఆ సడలింపును త్వరపఱచును, పెట్టె బట్టను చదునుచేయును, నీరు ఆవిరియై పోవు కొలదిని బంధములు ఆ చదునులోనే మరల బిగియును. కావున ఎండిన నూలుబట్టపై ఎంత వేడిపెట్టె త్రిప్పినను శ్రమయే మిగులును. ఇచ్చటి శీతకాలమున ఇండ్లలో హీటర్లు నిరంతరము పనిచేయుటచే గాలి బొత్తిగా పొడిబారును. ఆ దినములలో ఆవిరి పెట్టెను మాత్రమే నమ్ముకొనక, ముందుగా నీళ్లు చిలుకరించి చుట్టచుట్టి యుంచుట అత్యవసరము.

అట్లే ఇస్త్రీ ముగిసిన వెంటనే బట్ట తొడుగుకొనరాదు. వెచ్చగా, ఇంకను కొంత చెమ్మతో నున్న చొక్కాను తొడిగి కారులో కూర్చున్నచో, మోచేతికడను నడుముకడను పడిన ముడుతలు పెట్టెతో పెట్టినవానివలెనే స్థిరపడిపోవును. హ్యాంగరునకు తగిలించి, మెడ గుండీ పెట్టి, అది పూర్తిగా చల్లారువఱకు ఓపికపట్టవలెను. ఈ ఓపిక లేనివారే ఇస్త్రీ నిలువదని వాపోవుచుందురు.

క్రొత్తగా వచ్చువారు ఇండియానుండి పెట్టెను వెంట తెచ్చుకొనుట నేనెఱుగుదును. దానివలన ప్రయోజనము లేదు. అచట విద్యుత్తు 230 వోల్టులు, ఇచ్చట 120. వోల్టేజి ఇంచుమించు సగమైనచో వేడిమి సుమారు నాలుగవవంతునకు దిగును. వేయి వాట్ల పెట్టె ఇచ్చట మూడువందల వాట్లకైన అందుకొనదు. ఇచ్చటి పెట్టెను అచటికి తీసికొనిపోవుట మఱింత ప్రమాదము, అది కాలిపోవును.

మా యూరికి చేరువనున్న న్యూ హేవెన్ నగరమునకు ఈ విద్య చరిత్రలో ఆదరణీయమైన స్థానమున్నది. ఉత్తర కరోలినాలో బానిసత్వమున జన్మించి, పిదప న్యూ హేవెన్‌లో స్థిరపడి, స్త్రీల దుస్తులు కుట్టి జీవించిన సారా బూన్ అను నల్లజాతి మహిళ 1892వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన ఇస్త్రీబల్లకు పేటెంటు పొందెను. బల్లలకు అంతకు ముందును పేటెంట్లు లేకపోలేదు; కాని చదునైన పలకపై చేతి నొకవైపు సరిచేయగా రెండవవైపున గీత పడుచుండుటను నిత్యము కన్నులార చూచిన ఆ కుట్టుపనిమనిషి, చేతి ఆకారమునకు సరిపడునట్లు సన్నగా, వంపుగా, పైన మెత్త వేసి, ఇరువైపుల వాడుకొనదగిన బల్లను కల్పించెను. కొలతలు తీసి గుడ్డ కత్తిరించిన చేయి గనుకనే ఆమెకు శరీరాకృతి తెలిసినది. నేటికిని మన బల్లలపై చొక్కాచేతులు సరిగా రానిచో, తువ్వాలును గట్టిగా చుట్టి చేతిలోనికి దూర్చి, దానిమీద ఇస్త్రీ చేసినయెడల ఇరుప్రక్కల గీతలు పడవు.

చొక్కాకు కాలరు మొదట. అదియు లోపలివైపు ముందుగా, కొసలనుండి నడిమికి. నడిమినుండి కొసలకు పోయినచో ముడుత కొసలలో ప్రోగుపడి నిలిచిపోవును. పిదప చేతిపట్టీలు, చేతులు, భుజములు. ముందరి భాగములును వీపును చివరకు చేయవలెను, చేసినది మరల నలుగకుండుటకు ఈ వరుస. గుండీలున్న పట్టీని మందమైన తువ్వాలుపై బోర్లించి వెనుకనుండి చేసినచో గుండీల నడుమ చదునగును. నల్లని ప్యాంట్లను తిరగవేసి చేయనిచో మెఱపుమచ్చ లేర్పడును.

ఒకేసారి పలురకముల బట్టలు చేయునప్పుడు తక్కువ వేడి కోరునవి ముందు చేయవలెను. పెట్టె త్వరగా కాగును గాని నిదానముగా చల్లారును. బట్టకు కుట్టిన చీటీపై పెట్టె బొమ్మలో ఒక చుక్క యున్నచో 110 డిగ్రీల సెంటిగ్రేడు, రెండున్నచో 150, మూడున్నచో 200 డిగ్రీలు మించరాదని యర్థము. పాలియెస్టరు కలసిన బట్ట కొద్దిపాటి వేడికే మెత్తబడును. దానిని డ్రైయరునుండి వెచ్చగా నున్నప్పుడే తీసి దులిపి తగిలించినచో పలుమారు పెట్టెతో పనియే యుండదు. నూలునకును ఈ గుణము నలవఱచుటకు న్యూ ఆర్లియన్స్‌లోని అమెరికా వ్యవసాయశాఖ ప్రయోగశాలలో రూత్ బెనెరిటోయు ఆమె సహచరులును సెల్యులోజ్ శృంఖలల నడుమ చిన్న అణువులతో బంధములు కల్పించిరి. ఉతికి కట్టుకొనగల నూలుబట్టలు ఇంటింటికి చేరుటలో ఆ కృషి పాలు గొప్పది. వారముదినము లుద్యోగము చేసి ఇల్లు నడుపుకొను స్త్రీలకు అది చేసిన మేలు నేను కృతజ్ఞతతో తలచుకొందును.

అయినను నేత చీరకు గంజి, ఇస్త్రీ కావలసినదే. రైస్ కుక్కరులో వండిన అన్నము నీటినంతను పీల్చుకొనును గనుక మన ప్రవాసగృహములలో గంజియే దొరకదు. మంగళగిరి చీర కట్టవలసిన వారమున మా యింట అన్నము గిన్నెలో ఉడికించి వార్చుదుము. ఆ గంజిని గుడ్డతో వడియగట్టి, చారుకంటె పలుచగునంతవఱకు నీళ్లు కలిపి, చీరను ముంచి, నీడను ఆరవేసి, కొంచెము చెమ్మ యుండగనే ఇస్త్రీ చేయవలెను. ముదురురంగు చీరలకు గంజి చిక్కనైనచో తెల్లని చారలు దేలును.

పట్టునకు మాత్రము నీళ్లు చిలుకరింపరాదు, బొట్టు పడినచోట మచ్చ నిలుచును. తక్కువ వేడిని, తిరగవైపున, పలుచని నూలుగుడ్డ పైన వేసి చేయవలెను; జరీ లోహము గనుక అది వేగముగా కాగును, ఆ గుడ్డ దానిని కాపాడును. అన్నిటికంటె మెలకువ కోరునది పాతపద్ధతి గద్వాల చీర. దాని ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. ఒకే చీరలో రెండు వేడిమి లున్నవన్న మాట. మిడిల్‌టౌన్ సత్యనారాయణస్వామి దేవాలయమునకు పోవుటకై నా భార్య ఆ చీర తీసినప్పుడు మేమిద్దరమును బల్లకు చెరియొక వైపున నిలిచి, పెట్టె ఇంకను పూర్తిగా కాగకమునుపే అంచులును కొంగును ముగించి, పిదప వేడి పెంచి ఒడలిపై చెమ్మగిల్లిన గుడ్డ పఱచి చేయుదుము. కుచ్చిళ్లు వచ్చు భాగమునందు అడ్డగీతలు మిగిలినచో కట్టుబడి నిలువదు గనుక అచట రెండవమారు గుడ్డ తడిపి పఱచుదుము. దేవాలయమునుండి వచ్చినపిమ్మట దానిని గాలికి ఆరవేసి, పూర్వపు గీతలపై గాక క్రొత్త మడతలు వేసి, నూలుగుడ్డలో చుట్టి దాతుము. ఒకే గీతపై ఏండ్లతరబడి మడిచినచో జరీ విఱుగును. గంజి పెట్టిన చీరలను మాత్రము ఉతికి గంజి వదలించిన తరువాతనే దాతుము, లేనిచో పురుగు చేరును.