మంత్రసాని సాక్ష్యం

డిటెక్టివ్ సాహిత్యమంటే మన అభ్యుదయ విమర్శకు మొదటినుంచీ చిన్నచూపే. అది శ్రమజీవికి కాలక్షేపాన్నిస్తుందేగాని కర్తవ్యాన్ని చూపదని మన వాదం. ఉప్పల్‌లో నేను పాఠం చెప్పే కళాశాలలో నేనూ ఆ మాటే చెబుతూ వచ్చాను. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను ఒక్క వాక్యంలో కొట్టిపారేశాను. ఈ మధ్య ఒక విద్యార్థిని నన్ను ఆపి, "నేరం పరిశోధించేది మంత్రసాని ఐనా ఇదే మాటంటారా సార్?" అని అడిగి, ఒక ఇంగ్లీషు పుస్తకం నా చేతిలో పెట్టింది.

అది అమెరికన్ రచయిత్రి ఎడిత్ మాక్స్‌వెల్ రాసినది. 2016లో వచ్చిన తొలి నవల మొదలుకొని ఏడు నవలలూ, కొన్ని కథలూ ఈ వరుసలో వున్నాయి. కాలం 1888 ప్రాంతం. స్థలం మసాచుసెట్స్‌లో గుర్రపుబళ్ళ కార్ఖానాలకు పేరుపడ్డ ఏమ్స్‌బరీ. నాయిక రోజ్ కారోల్ మంత్రసాని. మతం చేత క్వేకరు. పోలీసులకు తెరుచుకోని తలుపులు ఆమెకు తెరుచుకుంటాయి. మిల్లు కూలీ గదిలోకీ, యజమాని పడకగదిలోకీ ఆమె పురుడుపొయ్యటానికి వెళుతుంది. నొప్పులు పడే స్త్రీ దాచుకోలేని నిజాలు ఆమె చెవిన పడతాయి. ఆమె పరిశోధనకు అవే ఆధారాలు.

లోపం లేదనను. ఒక నవలలో ఛారిటీ అనే బహుసంతానవతి రక్తస్రావంతో చనిపోతుంది. గర్భస్రావం చేయించబోతే వికటించిందేమోనని రోజ్ అనుమానం. గర్భనిరోధక సాధనాలను టపాలో పంపటమే నేరమన్న 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం అప్పుడు అమలులో వుంది. దోషి దొరికితే కథ ముగుస్తుంది. చట్టం మాత్రం బోనెక్కదు. డిటెక్టివ్ కథకున్న హద్దు అది.

ఐతే నన్ను కలవరపెట్టినది వేరే విషయం. మనుషులంతా సమానులన్న నమ్మకంతో క్వేకర్లు ధనికుడికొక పిలుపు, కూలీకొక పిలుపు వుండకూడదన్నారు. రోజ్ కార్ఖానాదారునీ, పనిపిల్లనూ ఒకే ఏకవచనంతో సంబోధిస్తుంది. మన ఏకవచనం ఆ జాతిది కాదు. అది చనువుకైనా వాడతాం, కులాన్ని గుర్తు చెయ్యటానికైనా వాడతాం.

నేను నాచారం పాతవూళ్ళో, ఇంట్లోనే, ఒక వానరాత్రి పుట్టాను. నాకు పురుడుపోసిన ఆమె పేరేమిటని మా అమ్మనడిగాను.

"పేరేందో యాదికి లేదు బిడ్డా. అందరం మంత్రసాని అనేటోళ్ళం. మీ నానమ్మయితే ఏమే అని పిలిచేది" అంది అమ్మ.

తెల్లవారగానే నానమ్మ చాటలో బియ్యం పోసి, దూరం నుంచే జరిపిందట. ఆమె వెళ్ళాక, ఆమె కూర్చున్న చోటు అలికించిందట. నన్ను మొదట తాకిన చెయ్యి ఆమెది. బిడ్డ బయటపడేదాకా ఆ చెయ్యి కావాలి. పడ్డాక ఆ చెయ్యి అంటు. వర్గం గురించీ, కులం గురించీ తరగతిలో గంటలకొద్దీ మాట్లాడిన నేను, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ పేరు అడగలేదు.

ఆదివారంనాడు ఉప్పల్ మెట్రో స్టేషను దగ్గర ఆటో ఎక్కి నాచారం వెళ్ళాను. పారిశ్రామికవాడ పెరిగి పాతవూరిని చుట్టుముట్టింది. ఒక వృద్ధురాలు చెయ్యెత్తి, "ఆమె ఇల్లు గాడనే వుండె" అని చూపించింది. అక్కడిప్పుడు ఒక గోదాము వున్నది. పేరు ఆమెకూ తెలియదు.

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలని మన సామెత. ఆమె పట్టింది. గ్రామంలో ఎవరింట ఏ బిడ్డ ఎందుకు బతకలేదో, ఏ పిల్లకు ఎవరివల్ల కడుపు వచ్చిందో ఆమెకు తెలిసే వుంటుంది. ఆ సాక్ష్యాన్ని మన చరిత్రకారుడూ అడగలేదు, డిటెక్టివ్ రచయితా అడగలేదు, విమర్శకుడూ అడగలేదు.

రాత్రి అన్నం తినేటప్పుడు అమ్మ తనంత తానే అంది: "పేరు లేకుండ వుంటదా బిడ్డా! మేమే అడగలే."

వచ్చే ఆదివారం మళ్ళీ వెళుతున్నాను. ఈసారి అమ్మ కూడా వస్తానన్నది.