పసుపు పేరు... పసిడి ఊరు

‘బంగారం కోసం అమెరికాలో జనం ఎగబడింది ఎక్కడ?’ అని అడిగితే ఎవరైనా ఠక్కున చెప్పే పేరు కాలిఫోర్నియా. కానీ అంతకు 20 ఏళ్ల ముందే మరోచోట వేలమంది పలుగూ పారా పట్టుకుని వాగుల్లో దిగారు. ఆ చోటు జార్జియా రాష్ట్రంలో ఉంది. పేరు డలానెగా. జనాభా 2020 లెక్కల ప్రకారం ఏడున్నర వేలు. మన లెక్కలో ఓ మోస్తరు పల్లెటూరు! అయితేనేం... దేశానికి బంగారు నాణేలు ముద్రించి ఇచ్చింది. ఒక జాతి జనమంతా ఇల్లూ వాకిలీ వదిలి పోవడానికీ కారణమైంది.

అమెరికాలో కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కోర్టు, భూముల దస్తావేజులు, ఎన్నికల కార్యాలయం... అన్నీ ఉండే ఊరిని ‘కౌంటీ సీట్’ అంటారు. అంటే జిల్లా కేంద్రమన్నమాట. దక్షిణాది రాష్ట్రాల్లో ఇలాంటి ఊళ్లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. నడిబొడ్డున కోర్టు భవనం, దాని చుట్టూ చతురస్రంగా వీధి, వీధి పొడవునా దుకాణాలు. లంప్కిన్ కౌంటీకి కేంద్రమైన డలానెగా కూడా అంతే. తేడా అల్లా ఒక్కటే. ఇక్కడి పాత కోర్టు గోడల ఇటుకల్లోనూ బంగారు రేణువులు ఉన్నాయి!

అట్లాంటా నగరానికి ఉత్తరాన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉంటుందీ ఊరు. ‘జార్జియా 400’ రహదారి పట్టుకుని పోతే ఆల్ఫరెట్టా, కమింగ్ దాటాక మైదానం కాస్తా మెట్టలవుతుంది. మెట్టలు గుట్టలవుతాయి. ఎదురుగా బ్లూరిడ్జ్ కొండలు నీలంగా కనిపిస్తాయి. ఆ కొండల పాదాల దగ్గర, సముద్రమట్టానికి సుమారు 1,450 అడుగుల ఎత్తున ఉంది డలానెగా. ఆల్ఫరెట్టా, కమింగ్ పరిసరాల్లో తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. శనాదివారాల్లో పిల్లల్ని తీసుకుని గంటలోపు చేరుకోగల ఊరు కాబట్టి అక్కడి మనవాళ్లకు ఇది చిరపరిచితమే.

రాళ్లలో పుట్టి... వాగుల్లో చేరి

ఇక్కడి నేలలో ఈశాన్యం నుంచి నైరుతికి ఓ బంగారు పట్టీ సాగుతుంది. కోట్ల ఏళ్ల క్రితం భూమి పొరలు ఒత్తిడికి నలిగినప్పుడు, రాళ్ల నెర్రెల్లోకి వేడినీరు చేరింది. ఆ నీటితోపాటు వచ్చిన బంగారం తెల్లటి పలుగురాళ్ల మధ్య పేరుకుంది. ఆ తర్వాత వానలకూ ఎండలకూ కొండలు అరిగాయి. రాయి పగిలి, మట్టి కొట్టుకుపోయి, బంగారం వాగుల్లోకి చేరింది. బంగారం బరువెక్కువ. నీటితోపాటు ఎంతో దూరం పోలేదు. వాగు మలుపుల్లో, గులకరాళ్ల అడుగున ఆగిపోయింది. అందుకే తొలిరోజుల్లో ఇక్కడ గనులు తవ్వాల్సిన పని లేకపోయింది. పళ్లెంలో ఇసుక వేసి నీళ్లలో గుండ్రంగా తిప్పితే తేలికైన ఇసుక బయటికి పోయేది. అడుగున పసుపు మెరుపు మిగిలేది!

చెస్టాటీ, ఎటోవా ఇక్కడి ముఖ్యమైన నదులు. రెండింటి నీళ్లూ చివరికి చేరేది మెక్సికో సింధుశాఖకే. కానీ దారులు వేరు. ఎటోవా పడమటి దారి పట్టి అలబామా మీదుగా పోతుంది. చెస్టాటీ లేనియర్ జలాశయంలో కలుస్తుంది. అట్లాంటా నగరానికి తాగునీరిచ్చేది ఆ జలాశయమే.

వార్త పుట్టింది... జనం పరుగెత్తారు

బంగారాన్ని మొదట చూసిందెవరు? ఊళ్లో ఈ ప్రశ్నకు ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెబుతారు. ఎక్కువమంది చెప్పేది బెంజమిన్ పార్క్స్ కథ. 1828లో జింకల వేటకు వెళ్లిన అతని కాలికి ఓ రాయి తగిలిందట. వంగి చూస్తే గుడ్డు సొనలా పచ్చగా మెరిసిందట! కథ మాటెలా ఉన్నా, 1829 ఆగస్టులో ఈ ప్రాంతంలో బంగారం దొరికిందన్న వార్త జార్జియా పత్రికలో అచ్చయింది. ఇక ఆగుతారా? ఏడాది తిరిగేసరికి వాగుల వెంట వేలమంది గుడారాలు వేసుకున్నారు. ఆ తర్వాత పుట్టుకొచ్చిన అరేరియా అనే ఊళ్లో బంగారం కొనేవాళ్లు, సారా అమ్మేవాళ్లు, జూదమాడేవాళ్లతో రాత్రీ పగలూ తిరనాళ్లే.

1832లో కొత్త కౌంటీ ఏర్పడింది. కేంద్రం అరేరియానే అవుతుందని అంతా అనుకున్నారు. కానీ ఆ ఊరి స్థలంపై హక్కుల తగాదా వచ్చింది. దాంతో కాస్త దూరంలో మరో ఊరు కట్టి, 1833లో దాన్ని కౌంటీ కేంద్రం చేశారు. అదే డలానెగా. ఒకనాడు కళకళలాడిన అరేరియాలో ఈరోజు మిగిలినవి ఒకటీ అరా శిథిలాలు, రోడ్డు పక్కన ఓ ఫలకం.

నేల ఎవరిది?

డలానెగా అన్నది ఇంగ్లిషు మాట కాదు. చెరోకీ భాషలో ‘పసుపుపచ్చ’ అని అర్థం. తెలుగులో పసుపు, పసిడి పక్కపక్కనే వినిపించినట్టు, చెరోకీలకూ పచ్చదనమే బంగారానికి పేరైంది. ఎందుకంటే ఈ నేల వాళ్లది. ఈ కొండలూ వాగులూ అన్నీ చెరోకీ జాతి దేశంలోవి.

చెరోకీలు అడవుల్లో దిక్కూమొక్కూ లేకుండా తిరిగేవాళ్లు కాదు. వాళ్లకు పొలాలున్నాయి, రాజ్యాంగం ఉంది, న్యాయస్థానాలున్నాయి. సెక్వోయా అనే వ్యక్తి 1821 నాటికి వాళ్ల భాషకు సొంత లిపి తయారుచేశాడు. 1828లో ఆ లిపిలో పత్రిక కూడా మొదలైంది. వాళ్ల రాజధాని న్యూ ఎకోటాలో పత్రిక అచ్చవుతున్న రోజుల్లోనే... ఇక్కడి వాగుల్లో బంగారం బయటపడింది. అదే వాళ్ల పాలిట శాపమైంది.

చెరోకీలు తమ సొంత నేలలో బంగారం తవ్వుకోకూడదని జార్జియా ప్రభుత్వం 1830లో చట్టం తెచ్చింది. తెల్లవాళ్లకు వ్యతిరేకంగా కోర్టులో సాక్ష్యం చెప్పే హక్కు కూడా వాళ్లకు లేకుండా చేసింది. ఎవడైనా వచ్చి పొలం ఆక్రమించినా, ఇల్లు దోచినా ఎవరితో చెప్పుకుంటారు? 1832లో అమెరికా సుప్రీంకోర్టు ‘చెరోకీల నేలపై జార్జియా చట్టాలు చెల్లవు’ అని తీర్పు చెప్పింది. రాష్ట్రం ఆ తీర్పును పట్టించుకోలేదు. అదే ఏడాది లాటరీ పెట్టింది! బంగారం ఉందనుకున్న భూమిని 40 ఎకరాల చొప్పున ముక్కలు చేసి, అప్పటి రాజధాని మిల్లెడ్జ్‌విల్‌లో చీటీలు తీసింది. చీటీ తగిలినవాడికి భూమి. అందులో అప్పటికే కాపురముంటున్న చెరోకీ కుటుంబం సంగతి ఎవరికీ పట్టలేదు.

1835 డిసెంబరులో కొద్దిమంది చెరోకీలతో అమెరికా ప్రభుత్వం ఒప్పందం రాయించుకుంది. ఆ జాతిలో అత్యధికులు దాన్ని ఒప్పుకోలేదు. నాయకుడు జాన్ రాస్ వేలమంది సంతకాలతో విన్నపాలు పంపాడు. ఫలితం లేకపోయింది. 1838లో సైనికులు తుపాకులతో ఇళ్లకు వచ్చారు. సుమారు 16 వేలమందిని పడమటి దిక్కుకు, ప్రస్తుత ఓక్లహోమాకు తరలించారు. శిబిరాల్లో రోగాలకు, దారిలో చలికి, ఆకలికి దాదాపు 4 వేలమంది చనిపోయారని అంచనా. ఆ ప్రయాణాన్నే చరిత్ర ‘కన్నీటి బాట’ అంటోంది.

ఊరి పేరు చెరోకీలది. మరి కౌంటీ పేరు? వాళ్లను వెళ్లగొట్టాలని పట్టుబట్టిన జార్జియా గవర్నరు విల్సన్ లంప్కిన్‌ది! రెండు పేర్లూ ఈరోజుకీ ఒకే బోర్డు మీద పక్కపక్కనే కనిపిస్తాయి.

‘డి’ ముద్ర నాణెం

చెరోకీలు వెళ్లిపోయిన 1838లోనే డలానెగాలో అమెరికా ప్రభుత్వ టంకశాల పని మొదలుపెట్టింది. వాగుల్లో దొరికిన బంగారాన్ని దూరాన ఉన్న ఫిలడెల్ఫియాకు మోసుకుపోవడం కష్టమూ, ప్రమాదమూ. అందుకే ఇక్కడే కరిగించి నాణేలు ముద్రించారు. 1861 వరకు 60 లక్షల డాలర్లకు పైగా విలువైన బంగారు నాణేలు ఇక్కడి నుంచి వెళ్లాయి. వాటిపై ఊరి పేరుకు గుర్తుగా ‘డి’ అక్షరం ఉంటుంది. 3 డాలర్ల నాణేలను ఇక్కడ ఒక్క 1854లోనే, అదీ 1,120 మాత్రమే ముద్రించారు. పాత నాణేలు సేకరించేవాళ్లకు అవి దొరికితే పండగే!

ఈ బంగారం వెనక బానిసల చెమట కూడా ఉంది. అమెరికా ఉపాధ్యక్షుడిగా పనిచేసిన జాన్ కాల్హూన్‌కు ఇక్కడికి దగ్గర్లో గని ఉండేది. అందులో తవ్వింది బానిసలే. అదే ఊళ్లో జేమ్స్ బోయిస్‌క్లెయిర్ అనే స్వేచ్ఛ పొందిన నల్లజాతీయుడూ ఉండేవాడు. అందరూ ‘ఫ్రీ జిమ్’ అనేవారు. తన పేరిట భూమి కొనే హక్కు అతనికి లేదు. తెల్లజాతి సంరక్షకుడి ద్వారా కొనుక్కున్న స్థలంలో మంచి బంగారం పడింది. ఆ డబ్బుతో ఊళ్లో పెద్ద దుకాణం పెట్టాడు. తర్వాత కాలిఫోర్నియా వెళ్లి, అక్కడే కాల్పుల్లో చనిపోయాడు.

కాలిఫోర్నియాలో బంగారం పడిందన్న కబురు 1849లో డలానెగానూ ఊపేసింది. జనం మూటాముల్లే సర్దుకున్నారు. అప్పుడు టంకశాలలో బంగారం పరీక్షించే డాక్టర్ మాథ్యూ స్టీఫెన్‌సన్ కోర్టు దగ్గర నిలబడి, ఎదురుగా ఉన్న కొండను చూపిస్తూ ‘కోట్లు ఇక్కడే ఉన్నాయి, ఎందుకు పోతారు?’ అని బతిమాలాడని ఊరివాళ్లు చెప్పుకుంటారు. చాలామంది వినలేదు. ఇక్కడ పళ్లెం తిప్పడం నేర్చినవాళ్లే అక్కడివాళ్లకు పని నేర్పారు. ఈ కౌంటీకే చెందిన గ్రీన్ రసెల్ 1858లో కొలరాడో వెళ్లి బంగారం కనిపెట్టాడు. అక్కడ వెలసిన ఊరికి తమ పాత ఊరు అరేరియా పేరే పెట్టుకున్నారు. తర్వాత అది డెన్వర్ నగరంలో కలిసిపోయింది. ఇక్కడి అరేరియా మాయమైనా అక్కడి పేటకు ఆ పేరు మిగిలింది.

గనులు పోయాక...

1861లో అంతర్యుద్ధం మొదలవగానే టంకశాల మూతపడింది. తర్వాత ఆ భవనాన్ని కళాశాలకు ఇచ్చారు. 1873లో తరగతులు మొదలయ్యాయి. మొదటినుంచీ ఆడపిల్లల్నీ చేర్చుకున్న కళాశాల అది. 1878లో పాత భవనం కాలిపోతే అదే పునాదుల మీద మరొకటి కట్టారు. దాని శిఖరానికి ఇప్పుడు డలానెగా బంగారు రేకు తొడుగు ఉంది. ఆ కళాశాలే 2013 నుంచి నార్త్ జార్జియా విశ్వవిద్యాలయం. సైనిక శిక్షణకు పేరున్న ఈ సంస్థే ఊరికి కొత్త గని! వీధుల్లో యూనిఫాం వేసుకున్న విద్యార్థులు ఎటుచూసినా కనిపిస్తారు.

గనులను మళ్లీ బతికించాలనీ చూశారు. ఫిరంగుల్లాంటి గొట్టాలతో నీళ్లు చిమ్మి కొండల్ని కోశారు. ఆ కోతల గుర్తులు ఇంకా ఉన్నాయి. 1900 ప్రాంతంలో ‘కన్సాలిడేటెడ్’ కంపెనీ భారీ మిల్లు పెట్టింది. పెట్టిన ఖర్చుకు తగ్గ బంగారం రాలేదు. 1906లో మూసేసింది. 2001లో కోలార్ గనులు మూతపడ్డప్పుడు తవ్వకం ఖర్చు బంగారం విలువను దాటిపోయిందన్నారు. ఇక్కడా అంతే. నేలలో బంగారం అయిపోలేదు, తీయడమే గిట్టుబాటు కాలేదు. ఆ గని సొరంగంలోకి ఇప్పుడు పర్యాటకుల్ని తీసుకెళ్తున్నారు.

1836లో కట్టిన పాత కోర్టులో 1965 వరకు విచారణలు నడిచాయి. ఇప్పుడది బంగారు ప్రదర్శనశాల. ఊరివాళ్లకు తమ బంగారమంటే ఎంత గర్వమంటే... 1958లో అట్లాంటాలోని శాసనసభ గోపురానికి పూత వేయడానికి 43 ఔన్సులు పోగుచేసి, బళ్ల మీద ఊరేగింపుగా తీసుకెళ్లి ఇచ్చారు! ఏటా అక్టోబరులో ‘గోల్డ్ రష్ డేస్’ పేరిట తిరనాళ్లు చేస్తారు. కొండల మీద ఆకులు ఎరుపెక్కే రోజులవి. చుట్టుపక్కల వాలుల్లో ద్రాక్షతోటలు పెరిగాయి. 3,500 కిలోమీటర్ల పొడవైన అపలేచియన్ కాలిబాట దక్షిణాన మొదలయ్యే స్ప్రింగర్ కొండ, 729 అడుగుల ఎత్తు నుంచి మెట్టుమెట్టుగా దూకే అమికలోలా జలపాతం... రెండూ దగ్గర్లోనే.

పిల్లలకు మాత్రం వీటన్నిటికన్నా ఇష్టమైనది పళ్లెం తిప్పడం. డబ్బు కడితే ఇసుక, పళ్లెం ఇస్తారు. దొరికిన రేణువులు చిన్న సీసాలో వేసి చేతికిస్తారు. ఇంటికి తెచ్చుకునే ఆ మెరుపుతోపాటు ఆ ఊరి పేరు ఏ భాషదో, ఆ భాష మాట్లాడినవాళ్లు ఎక్కడికి వెళ్లారో కూడా పిల్లలకు చెప్పాల్సింది పెద్దలే. చెరోకీ భాష ఇప్పటికీ బతికే ఉంది. ఓక్లహోమాలో, నార్త్ కరోలినా కొండల్లో ఉన్న ఆ జాతి పిల్లలు సెక్వోయా లిపినే బడిలో నేర్చుకుంటున్నారు. ‘డలానెగా’కు అర్థం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.