జానెడు చోటు

ఓడ ఎంత పెద్దదైనా, తన కింద ఎంత లోతు నీళ్ళున్నాయో తెలుసుకునేది అడుగున బిగించిన ఓ చిన్న పరికరంతోనే. దాన్ని ఎకో సౌండర్ ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. అది కిందికి ధ్వనిని పంపి, నేలకి తగిలి వచ్చిన ప్రతిధ్వనిని అందుకుంటుంది. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. పోయి రావడానికి సెకనులో పదోవంతు పట్టిందంటే లోతు 75 మీటర్లన్నమాట. లెక్క ఇంతే. పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. నాకూ పడ్డాయి!

1984 వేసవిలో ట్రైనింగ్‌కని విశాఖ ఫిషింగ్ హార్బరు దగ్గర ఒక చిన్న వర్క్‌షాపులో చేరాను. స్లిప్‌వే మీద చెక్క ట్రాలర్ ఒకటి ఉంది. "దీనికి ఎకో సౌండర్ బిగించాలి, చోటు చూడవోయ్" అన్నారు మేస్త్రీగారు. కేబుల్ తక్కువ పడుతుందనీ, లోపల చెయ్యి ఆడుతుందనీ ఇంజన్ గది కింద సుద్దతో గుర్తు పెట్టాను. అరవై దాటిన సరంగు అది చూసి, "అక్కడ నీళ్ళు కుదురుగా ఉండవు బాబూ" అన్నాడు. తాడుకి గుండు కట్టి లోతు చూసినవాడికి ఎలక్ట్రానిక్స్ ఏం తెలుసులే అనుకున్నాను. నవ్వాను కూడా.

హార్బరులో నిలబెట్టి చూస్తే చక్కగా పనిచేసింది. నాలుగో రోజుకి బోటు తిరిగొచ్చేసింది. వల లాగేటప్పుడు ఇంజన్ మీద బరువు పడగానే కాగితమంతా మసి పూసినట్టు అయిపోయిందట. అడుగున రాళ్ళున్నది కనబడలేదు. వల చిరిగిపోయింది. ఆ బోటులో జీతాల్లేవు. పట్టిన చేపలో వాటాలే. ఏడుగురి వాటా నా సుద్దగుర్తు వల్ల పోయింది.

సరంగు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నన్ను బోటెక్కించి సముద్రంలోకి తీసుకుపోయి, ముక్కు దగ్గర వంగి చూడమన్నాడు. "ఆ నురుగు సూసినావా? ముక్కు కాడ పుట్టి అడుగుకి పోతాది. ఎక్కడ పక్కకి తప్పుకుంటాదో సూడాల."

అప్పుడర్థమైంది. ధ్వనికి గాలి బుడగలు గోడలాంటివి. వెనక బిగిస్తే ప్రొపెల్లర్ రొద, ఇంజన్ అదురు. మరీ ముందు బిగిస్తే కెరటానికి ముక్కు లేచినప్పుడల్లా గాలే. అందుకని సాధారణంగా ముక్కు నుంచి మూడోవంతు పొడవు దగ్గర, కీల్‌ను ఆనుకుని, ముందువైపు పైపూ బోల్టూ ఏదీ పొడుచుకురాని చోటు వెతుకుతారు. ముఖం తిన్నగా నేలవైపు చూడాలి. అడుగు వాలుగా ఉంటే చెక్క దిమ్మ వేసి సరిచేసుకోవాలి. ఆ ముఖానికి రంగు దట్టంగా పుయ్యకూడదు.

బోటుని మళ్ళీ పైకి లాగి చోటు మార్చాం. తర్వాతి వేట నుంచి వచ్చాక సరంగు ఏమీ మాట్లాడకుండా కాగితపు చుట్ట నా చేతిలో పెట్టాడు. ఈ చివర నుంచి ఆ చివరకి ఒకటే నల్లటి గీత. సముద్రపు నేల!

ఇప్పుడు కాగితం పోయి రంగుల తెరలొచ్చాయి. చోటు తప్పితే అవీ గుడ్డివే. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! డ్రాయింగ్ మీద గుర్తు పెట్టేముందు ఆ నీళ్ళ మీద బతికేవాళ్ళని ఒక్కమాట అడగండి. నేనా సంగతి నేర్చుకోడానికి ఒక వల ఖర్చయింది. ఆ వల నాది కాదు.