పన్నెండో గ్లాసు

మా అక్కయ్యకి గాంధారం శ్రుతిలో పలకదని తేల్చేసింది మా ఊరి హార్మోనియం మేష్టారు. అప్పుడు అక్కయ్యకి పదమూడేళ్లు. శంకరాభరణం ఎత్తుకుంటే చాలు, ఆయన మెట్టు నొక్కిపట్టి “ఎక్కమ్మా, ఇంకాస్త ఎక్కు” అనేవారు. ఎక్కలేక, ఎక్కలేక పాట మానేసి అల్లికల్లో పడింది. పెళ్ళిచూపుల్లో “పాట రాదండీ” అని అమ్మే చెప్పింది, తలవంచుకుని.

మొన్న సంక్రాంతికి మా మనవడు పెద్ద కీబోర్డు తెచ్చాడు. మీట నొక్కితే శ్రుతుల జాబితా వస్తుంది. ఈక్వల్, ప్యూర్, పైథాగరియన్, మీన్‌టోన్, వెర్క్‌మైస్టర్, కిర్న్‌బెర్గర్. మనవాళ్లు మేళాలకి కనకాంగి, రత్నాంగి అని ముచ్చటగా పెట్టుకుంటే, ఇవేమిట్రా డాక్టర్ల బోర్డుల్లా ఉన్నాయన్నాను. వాడు ఓపిగ్గానే చెప్పాడు. నాకు మాత్రం వంటింటి భాషలో అర్థమైంది.

సా నుంచి పా, ఆ పాని సా అనుకుని మళ్ళీ దాని పా. ఇలా పన్నెండుసార్లు ఎక్కితే ఏడు స్థాయిల పైనున్న సా రావాలి కదా! రాదు. కాస్త దాటిపోతుంది. స్థాయిని 1200 వంతులు చేస్తే, సుమారు 24 వంతులు. అంటే పన్నెండు గ్లాసులకి పాయసం కొంచెం చాలదన్నమాట. ఆ కొరత ఎవరి నెత్తిన పడుతుందన్నదాన్ని బట్టే చాలామటుకు ఈ పేర్లు.

పైథాగరస్ పద్ధతిలో పదకొండు గ్లాసులూ నిండుగా పోసి, కొరతంతా పన్నెండోదానికి. అది ఊళ వేసినట్టు వినిపిస్తుందని దానికి తోడేలనే పేరు పెట్టారు. (పన్నెండో గ్లాసు ఏ ఇంట్లోనైనా ఎవరికొస్తుందో మీకు నేను చెప్పాలా?) 1691లో వెర్క్‌మైస్టర్ అనే జర్మన్ ఆయన చెప్పిన ఒక పద్ధతిలో నలుగురు సమంగా పంచుకుంటారు. ఈక్వల్‌లో అందరి గ్లాసుల్లోంచీ తలో చుక్క. ఎవరికీ నిండదు, ఎవరూ అలగరు.

మామూలు హార్మోనియం ఈ చివరి బాపతే. అందులో పంచమానికి పోయేది రెండు వంతులే. అంతర గాంధారం మాత్రం సహజస్థానం కన్నా 14 వంతులు పైనెక్కి కూర్చుంటుంది! 1940లో రేడియోవాళ్లు హార్మోనియాన్ని గుమ్మం బయట నిలబెట్టడానికి ఇలాంటి గొడవ కూడా ఒక కారణమే.

“ప్యూర్ నొక్కరా” అన్నాను. అక్కయ్య సాకి సరిచేశాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ముందు ససేమిరా అంది. చివరికి బెండకాయలు తరుగుతూ, తలెత్తకుండానే సా, గా అంది. రెండు గాంధారాలూ ఒకటైపోయాయి. వాడు ఈక్వల్‌కి మార్చాడు. మధ్యలో ఏదో గరగర.

అక్కయ్య కత్తిపీట పక్కకి జరిపింది.

“ఇందాకటిది మళ్ళీ నొక్కు నాన్నా” అంది.