నాడీకణ ద్రష్ట కహాల్

మనుజుని దేహములో మెదడువలె గహనమైన అవయవము వేఱొకటి లేదు. చూచుట, వినుట, తలచుట, మఱచుట - ఇవి యన్నియు దాని పనులే. అయినను అది యెట్లు నిర్మింపబడినదో పందొమ్మిదవ శతాబ్దము తుదివరకు పండితులకే తెలియకుండెను. ఆ చిక్కుముడిని విప్పినవారిలో అగ్రగణ్యుడు స్పెయిను దేశీయుడగు శాంటియాగో రామోన్ ఇ కహాల్.

కహాల్ 1852 వ సంవత్సరము మే 1 వ తేదీన ఒక కుగ్రామమున జన్మించెను. తండ్రి వైద్యుడు. బాలునకు చదువుకంటె చిత్రలేఖనముపై మక్కువ మెండు. అల్లరికిని అతడు పెట్టినది పేరు. పదునొకండవయేట, తాను స్వయముగా చేసిన ఫిరంగితో పొరుగువాని తలుపు పగులగొట్టి చెఱసాల చూచి వచ్చెను! బొమ్మలు కూడు పెట్టవని తలచిన తండ్రి కుమారుని కొంతకాలము మంగలి యొద్దను, చెప్పులు కుట్టువాని యొద్దను పనికి కుదిర్చెను. కడకు 1868 లో అతనిని శ్మశానమునకు తోడ్కొనిపోయి, అందు దొరకిన ఎముకలతో శరీరనిర్మాణశాస్త్రము బోధింప నారంభించెను. ఆ ఎముకల బొమ్మలు గీయుచు గీయుచు బాలుడు శాస్త్రమునందు ఆసక్తుడయ్యెను. తండ్రి వలదన్న విద్యయే తండ్రి కోరిన విద్యకు ద్వారమయ్యెను.

1873 లో వైద్యపట్టము పొంది, కహాల్ సైనికవైద్యుడుగా క్యూబాకు పోయెను. అచట మలేరియాచే చిక్కి శల్యమై 1875 లో స్వదేశము చేరెను. కోలుకొనిన పిమ్మట ఆచార్యపదవి లభించెను. 1885 లో కలరా ప్రబలినపుడు ఆతడు చేసిన కృషికి మెచ్చి, జారగోజా ప్రాంతపు పాలకులు మేలైన సూక్ష్మదర్శిని నొకదానిని బహూకరించిరి.

మెదడులోని తంతువులన్నియు ఒకదానితో నొకటి అతుకుకొని ఒకే వలగా నున్నవని నాటి పండితులు పలువురు నమ్ముచుండిరి. ఇటలీ దేశీయుడగు కమిల్లో గాల్జీ 1873 లో ఒక పద్ధతిని ప్రకటించెను. మెదడు ముక్కను తగురీతిని సిద్ధపఱచి వెండి లవణపు ద్రావణమున ఉంచినచో, అసంఖ్యాకములగు కణములలో ఏ కొన్నియో మాత్రమే నల్లబారి, కొమ్మలు రెమ్మలతో స్పష్టముగా గోచరించును. 1887 లో దీనిని చూచిన కహాల్ ముగ్ధుడయ్యెను.

కాని ఎదిగిన మెదడు కీకారణ్యమువంటిది. ఏ కొమ్మ యే చెట్టుదో తెలియదు. కావున కహాల్ అడవిని విడిచి నారుమడిని చేరెను. అనగా, నాడీతంతువులపై కొవ్వుపొర యింకను ఏర్పడని పక్షిపిండములను, పసిజంతువులను పరీక్షించెను. అపుడు సత్యము బయల్పడెను. ప్రతి నాడీకణమును దేనికది విడిగా నున్నది. ఒకదాని తంతువు మఱియొకదానిని సమీపించునే కాని, దానిలో కలిసిపోదు.

1888 లో కహాల్ స్వంత ధనముతో ఒక పత్రికను స్థాపించి ఈ విషయమును ప్రకటించెను. స్పానిషు భాష నెఱిగిన విదేశ పండితులు అరుదగుటచే దానిని పట్టించుకొన్నవారు లేరు. అతడు నిరుత్సాహపడలేదు. 1889 లో తన సొమ్ముతోనే బెర్లిను పండితసభకు పోయి, వచ్చీరాని ఫ్రెంచి భాషలో వివరించుచు, తన గాజుపలకలను చూపెను. డెబ్బది రెండేండ్ల వృద్ధాచార్యుడు కోలికర్ వానిని పరీక్షించి, తన పూర్వాభిప్రాయమును విడిచి, కహాల్ పక్షము వహించెను. 1891 లో వాల్డెయర్ ఈ కణమునకు 'న్యూరాను' అని పేరిడెను.

1906 లో నోబెల్ బహుమానము గాల్జీ, కహాల్ ఇరువురకును కలిపి యీయబడెను. ఒకరి పద్ధతి, వేఱొకరి సిద్ధాంతము! ఆ సభలోనే గాల్జీ వల సిద్ధాంతమును సమర్థించుచు ప్రసంగించెను. కహాల్ మాత్రము తన కృషికి గాల్జీ పద్ధతియే ఆధారమని యెన్నడును దాచలేదు. ఈ వివాదమున తీర్పు కాలమే చెప్పెను. 1950 తరువాత ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని కణములనడుమ నున్న సన్నని ఎడమును కనులకు చూపెను. కొన్నిచోట్ల కణములను నేరుగా కలుపు సూక్ష్మమార్గములు కలవని పిదప తెలిసినను, కహాల్ మూలసిద్ధాంతము చెక్కుచెదరలేదు.

కహాల్ 1934 అక్టోబరు 17 న మరణించెను. ఆతడు గీసిన నాడీకణ చిత్రములు నేటికిని శాస్త్రగ్రంథములలో వెలయుచున్నవి. 2017 లో యునెస్కో సంస్థ ఆతని పరిశోధన సంపదను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చెను. ఒకనాడు కూడు పెట్టదని నిందింపబడిన చిత్రకళయే మానవజాతికి తన మెదడును తనకు చూపెను. నేర్చిన విద్య యేదియు వృథా పోదు. దానిని వినియోగించు పట్టుదల యుండవలెను.