నాగసాకిలో ఏర్గట్ల పసుపు

బస్సులో గుంపుగా పోయి ఫోటోలు తీసుకొని వచ్చే ప్రయాణం ఒకటి. ఒక ఇంట అతిథిగా ఉండి, వారి అన్నం తిని వచ్చే ప్రయాణం ఇంకొకటి. జపానులో నాకు రెండవది దొరికింది. నాగసాకిలో మా నలుగురినీ ఒక ముసలితల్లి ఇంట దింపారు.

గుమ్మం దగ్గరే చెప్పులు విడిచాము, మన మందిరంలో విడిచినట్టే. గడ్డి చాపల మీద మోకాళ్ళు మడిచి కూర్చున్నాము. ఏర్గట్ల పసుపు పొట్లం ఇస్తే ఆమె రెండు చేతులా అందుకొని "ఉకోన్!" అన్నది. వారి భాషలో పసుపు పేరు అదే.

మరునాడు నిషిజాకా గుట్ట ఎక్కాము. 1597 ఫిబ్రవరి 5న అక్కడ 26 మంది క్రైస్తవులను సిలువ వేశారు. 1614లో దేశమంతటా ఈ మతాన్ని నిషేధించారు. ప్రభువు రూపమున్న పలకను కాలితో తొక్కమనేవారు. తొక్కి, ఇంటికి వచ్చి క్షమాపణ వేడుకొన్నవారు ఎందరో! పాదిరీలు లేరు. అయినా పల్లెల్లో ఒకరు పండుగల లెక్క చూస్తూ, ఒకరు బాప్తిస్మమిస్తూ, పెద్దలు పిల్లలకు రహస్యంగా ప్రార్థనలు నేర్పుతూ వచ్చారు. 1865లో ఔరా దేవాలయం వెలిశాక, ఉరకామి పల్లెవారు వచ్చి తామూ అదే విశ్వాసులమని చెప్పుకొన్నారు. 1873లో నిషేధం తొలగింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా సంఘంలో నేను చేస్తేనే ప్రార్థన. పిల్లలేమో గల్ఫుకు పోతున్నారు. నేను లేని రోజున ఏమి మిగులుతుంది?

తిరిగి వచ్చాక, ఇంటింటా తల్లులనే ప్రార్థన నడిపించమన్నాను. మొదటి సాయంత్రం ఒక అమ్మ గొంతు వణికింది. అయినా ఆమె ఆపలేదు.