పుర్జాలు బరాబర్, జగా గలత్

మొన్న ఇత్వార్ నాడు మా బేటీ బ్రెడ్‌బోర్డు తెచ్చి దస్తర్‌ఖాన్ మీదే పరిచేసింది. పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. మర్నాడు ల్యాబ్ పరీక్ష. ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు, నాలుగు వైర్లు.

"అమ్మీ, రెండూ సిరీస్‌లోనే ఉన్నాయి కదా! ఏది ముందుంటే ఏంటి, ఏది వెనకుంటే ఏంటి? తిప్పి పెట్టానని మేడమ్ మార్కులు కోసేశారు" అని నా మీద విసుక్కుంది.

పప్పు తిప్పుతున్న గరిటె నా చేతిలోనే ఆగిపోయింది. ఆ రెండు పుర్జాలతో నాకు పాత హిసాబ్ ఒకటి ఉంది. ముప్పై ఏళ్లు దాటింది, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అబ్బాది నంద్యాలలో రేడియోలు, టేప్‌రికార్డర్లు, ఆంప్లిఫయర్లు రిపేరు చేసే దుకాణం. స్కూలు వదలగానే నేను అక్కడే. దాదీకి అది అస్సలు పసంద్ లేదు. "ఆడపిల్లకి దుకాణంలో ఏం కామ్?" అని రోజూ గొణిగేది. "బైఠ్‌నే దో అమ్మా" అని అబ్బా నాకొక స్టూలు వేయించారు. షరతు ఒక్కటే. కళ్లతో చూడాలి, చేత్తో ముట్టుకోకూడదు. షరతు తప్పితే మర్నాటి నుంచి స్టూలు ఉండదు.

1991లో నాకు పన్నెండేళ్లు. షాదీల సీజను. ఒక ఆంప్లిఫయర్ సాయంత్రానికి ఇవ్వాలి. మైకు వైపు చిన్న బోర్డులో రెండు పుర్జాల కాళ్లు తుప్పు పట్టాయి. అబ్బా వాటిని పీకేసి, కొత్తవి బల్ల మీద పెట్టి, షాగిర్దు భయ్యాకి చెప్పి జోహర్‌కి వెళ్లారు. భయ్యా చాయ్ తేవడానికి లేచాడు. సోల్డరింగ్ ఐరన్ వేడిగా ఉంది. నా చెయ్యి ఆగలేదు.

గోధుమ, నలుపు, నారింజ చారల రెసిస్టరు, అంటే పది వేల ఓములు. 104 అని రాసున్న చిన్న బిళ్ల కెపాసిటరు, అంటే 0.1 మైక్రోఫారడ్. రెండింటికీ రెండేసి కాళ్లు. ప్లస్సు, మైనస్సు గుర్తులు లేవు. ఏది ఏ రంధ్రాల్లోనైనా సుఖంగా కూర్చుంటుంది. కూర్చోబెట్టేశాను. భయ్యా వచ్చాడు, బోర్డు చూశాడు, ఏమీ అడగలేదు. అబ్బానే పెట్టి వెళ్లారనుకున్నాడేమో అనుకున్నాను. డబ్బా మూసి స్క్రూలు బిగించాడు.

రాత్రి షాదీ ఇంటి నుంచి మనుషులు డబ్బా మోసుకొచ్చారు. మైకులో ఎవరు మాట్లాడినా రజాయి కప్పుకుని మాట్లాడినట్టుందట, దాని మీద "హుమ్" అని ఒకటే మోత. మహెఫిల్‌లో పరువు పోయిందని నానా మాటలు అన్నారు. కిరాయి ఇవ్వలేదు. అబ్బా తల వంచుకుని నిలబడడం నేను చూసింది అదొక్కసారే.

డబ్బా విప్పి, మీటరు పెట్టి ఒక్కొక్క పుర్జా పరీక్షించారు. అన్నీ బాగానే ఉన్నాయి. గంట గడిచింది. చివరికి మైకు తీగ దగ్గర వేలు పెట్టి, కరెంటు నడిచే దారిలోనే వేలు నడుపుతూ వచ్చి ఒక చోట ఆపారు. "పుర్జే బరాబర్ హై. జగా గలత్ హై" అన్నారు. ఆ తర్వాత తలెత్తి, "ఎవరు పెట్టారు?"

నా గొంతులో తడి లేదు. "నేనే ఉస్తాద్" అన్నాడు భయ్యా.

వారం జీతం కోశారు. నెల తిరక్కుండానే అతను దుకాణం మానేసి కర్నూలు వెళ్లిపోయాడు. నేను నోరు విప్పలేదు. అబ్బా ఇంతకాల్ అయ్యేదాకా కూడా.

బేటీకి ఇదంతా చెప్పలేదు ముందు. సర్క్యూట్ చెప్పాను. "నీ మాట ఆధా సచ్. రెండూ ఒకే దారిలో ఉన్నాయి కాబట్టి ఏది ముందున్నా కరెంటు అంతే. టైమ్ కాన్‌స్టాంట్ కూడా మారదు, ఎటు పెట్టినా ఒక మిల్లీసెకనే. అయితే మనం ఫలితం ఎక్కడ తీసుకుంటున్నాం? రెండింటి మధ్య జోడు దగ్గర, గ్రౌండుకి. అంటే గ్రౌండు వైపు ఏది కూర్చుంటే దాని హిస్సా మాత్రమే ముందుకు పోతుంది."

కాగితం మీద లెక్క వేశాం. రెసిస్టరు అందరితో ఒకేలా ఉంటుంది, ఎప్పుడూ పది వేలే. కెపాసిటరు మనిషిని బట్టి మారుతుంది. 50 హెర్ట్‌జ్ దగ్గర దాని అడ్డు దాదాపు 32 వేల ఓములు. 1600 దగ్గర దాదాపు వెయ్యే. కరెంటు మోత 50 హెర్ట్‌జ్‌ది. మాటలోని స్పష్టత ఉండేది పైన, 1600 లాంటి చోట్ల. అబ్బా పెట్టమన్నట్టు కెపాసిటరు దారిలో, రెసిస్టరు గ్రౌండుకి ఉంటే మోతలో 30 శాతమే మిగులుతుంది, 1600 దాదాపు మొత్తం దాటుతుంది. నేను పెట్టినట్టు పెడితే మోత 95 శాతం దాటుతుంది, 1600లో పదో వంతే మిగులుతుంది. రెండు పద్ధతులూ విడిపోయే సరిహద్దు ఒకటే, 159 హెర్ట్‌జ్. పుర్జాలు అవే కదా. వెనక ఇంకో కెపాసిటరు డీసీని ఆపింది కాబట్టి ఆ రోజు ఏదీ కాలలేదు. కాలి ఉంటే తప్పు త్వరగా దొరికేది.

"నీకివన్నీ ఎలా తెలుసు అమ్మీ?" అంది. అప్పుడు చెప్పాను. అంతా విని, "ఆయనకి మాఫీ చెప్పావా?" అని అడిగింది. ల్యాబ్ పరీక్షలో ఇంత కష్టమైన సవాల్ ఉండదు.

మామూకి ఫోన్ చేస్తే నంబరు దొరికింది. కర్నూలులోనే సొంత దుకాణం, ఇప్పుడు కొడుకులు చూస్తున్నారట. నా పేరు చెప్పగానే "ఛోటీ!" అన్నాడు. ఏడుస్తూనే మొత్తం చెప్పాను. నవ్వాడు.

"ఆ రోజే తెలుసు నాకు. డబ్బా మూసేటప్పుడు టంకం చూశా. ముద్దలు ముద్దలుగా ఉంది. ఉస్తాద్ టంకం అలా ఉంటుందా? ఎలా పెట్టావో తిప్పి చూడాల్సింది, చూడలేదు. ఆ గల్తీ నాదే."

"మరి నేనేనని ఎందుకు చెప్పలేదు భయ్యా?"

"చెప్తే, మర్నాడు నీ స్టూలు ఉండేదా?"